పాలకేంద్రం లెక్క రైతుకు పంపాలంటే: మామూలు మెసేజా, ఆర్‌సీఎస్సా?

మీ ప్రశ్న ఇదీ: పూతలపట్టు దగ్గర పాలకేంద్రం నడుపుతున్నారు. కొత్త ఫోన్ కొన్నాక మెసేజ్ రాసే చోట కొందరి పేర్లకు "ఆర్‌సీఎస్ మెసేజ్" అని, కొందరికి "టెక్స్ట్ మెసేజ్" అని కనబడుతోంది. రెంటికీ తేడా ఏమిటి, పాలు పోసే రైతులకు పూటపూటా లెక్క పంపడానికి ఏది మేలు, మీ బావ పాత ఫోన్లో ఉండిన ఈఎంఎస్, అంటే ఆ చిన్న బొమ్మల మెసేజ్ కూడా ఇదేనా అని అడిగారు.

నాది తిరుపతి. ఇరవై ఏళ్ళ పైబడి సెల్‌ఫోన్ల అంగడి. మొదట రిపేర్లు, తర్వాత చుట్టుపక్కల అంగళ్ళకు, కల్యాణ మండపాలకు, స్కూళ్ళకు బల్క్ మెసేజ్‌లు పంపే పని. మీరు అడిగినవన్నీ నా చేతుల మీదుగా పోయినవే కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ముందు మీ పనికొచ్చే మాట చెప్పేస్తాను. మామూలు మెసేజ్ అవతలి ఫోన్ నుంచి ఏమీ అడగదు. సిగ్నల్ ఉంటే చాలు. దానికి నగలు తొడిగిన తర్వాతి రకాలన్నీ ఏదో ఒకటి అడుగుతాయి. ఈఎంఎస్ తనను అర్థం చేసుకునే హ్యాండ్‌సెట్‌ను అడిగింది, ఫోటోలు మోసే ఎంఎంఎస్ సెట్టింగులు అడిగింది, ఆర్‌సీఎస్ రెండు వైపులా నెట్, తగిన యాప్ అడుగుతుంది. మీ రైతుల జేబుల్లో ఏ ఫోన్లున్నాయో నాకన్నా మీకే బాగా తెలుసు.

ఇక లోపలి సంగతి. మన పల్లెల్లో ఒక అలవాటుంది చూడండి. చిత్తూరు బస్టాండులో డ్రైవర్ చేతికి ఒక కవరిచ్చి, "ఫలానా స్టాపులో మావాడు నిలబడి ఉంటాడు, ఇచ్చేయన్నా" అంటాం. బస్సు ఎలాగూ పోతోంది. ఆ కవరు కోసం ప్రత్యేకంగా ఎవరూ బండి కట్టలేదు. కాకపోతే అది డ్రైవర్ సీటు పక్కన పట్టేంత ఉండాలి, బియ్యం మూట ఇస్తే తీసుకోడు. మామూలు మెసేజ్, అంటే ఎస్సెమ్మెస్, సరిగ్గా ఆ కవరే. ఫోన్ జేబులో ఊరికే ఉన్నప్పుడు కూడా టవర్‌తో అప్పుడప్పుడు పలుకుతూనే ఉంటుంది, తను ఏ టవర్ కింద ఉందో చెప్పడానికి, కాల్ వస్తే తెలుసుకోవడానికి. ఆ పలకరింపులు నడిచే సన్నని దారిని సిగ్నలింగ్ అంటారు. ఆ దారిలో మిగిలిన కాస్త చోటులో మన మెసేజ్‌ను తోశారు. 4జీ వచ్చాక లోపలి దారి మారింది గానీ, వాడేవాడు మొబైల్ డేటా ఆన్ చేసుకోనక్కర్లేదన్న సంగతి మాత్రం మారలేదు.

ఆ కవరు సైజు 140 బైట్లు, బైటుకు ఎనిమిది బిట్లు. ఇంగ్లీషు అక్షరం ఒక్కోదానికి ఏడు బిట్లు చాలని లెక్క కట్టారు కాబట్టి అందులో 160 అక్షరాలు పడతాయి. ఈ 160 అన్న అంకె వెనుక ఒక చిన్న కథ ఉంది. జీఎస్‌ఎం అనే సెల్‌ఫోన్ పద్ధతికి ప్రమాణాలు తయారవుతున్న రోజుల్లో, 1985లో, జర్మనీకి చెందిన ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే ఇంజనీరు టైపు మిషను ముందు కూర్చుని తోచిన వాక్యాలన్నీ కొట్టి అక్షరాలు లెక్కపెట్టుకున్నాడట. దాదాపు అన్నీ 160 లోపే తేలాయి. పోస్టుకార్డుల మీద జనం రాసేది కూడా అంతేనని చూసి, ఇది చాలన్నాడు. మొదటి మెసేజ్ 1992 డిసెంబర్ 3న ఇంగ్లండులో వెళ్ళింది. నీల్ పాప్‌వర్త్ అనే కుర్ర ఇంజనీరు క్రిస్మస్ శుభాకాంక్షలు పంపాడు, అదీ కంప్యూటర్ నుంచి.

ఆ లెక్క కట్టినప్పుడు మన భాష ఎవరికీ గుర్తు లేదు. తెలుగు అక్షరాలు ఆ ఏడు బిట్ల పట్టికలో లేవు. మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరం ఉన్నా మొత్తం మెసేజ్ అక్షరానికి పదహారు బిట్ల పద్ధతికి మారిపోతుంది. అప్పుడు అదే కవరులో 70 మాత్రమే పడతాయి. ఆ 70 కూడా మనం బడిలో లెక్కపెట్టే అక్షరాలు కావు. కాణిపాకం అంటే కంటికి నాలుగక్షరాలు. ఫోన్ మాత్రం క ఒకటి, దీర్ఘం ఒకటి, ణ ఒకటి, గుడి ఒకటి... ఇలా ఎనిమిది లెక్కేస్తుంది. శ్రీ ఒక్కటే నాలుగు తింటుంది. నిజానికి తెలుగుకు కూడా ఏడు బిట్ల పట్టిక ఒకటి తర్వాతి ప్రమాణాల్లో చేర్చారు, కానీ దాన్ని వాడే ఫోన్ ఇన్నేళ్ళలో నా చేతికి తగల్లేదు.

కవరులో పట్టకపోతే ఫోన్ దాన్ని ముక్కలు చేసి పంపుతుంది, అవతలి ఫోన్ కలిపి చూపిస్తుంది. ముక్కలు ఏ వరసలో కలపాలో చెప్పే చీటీకి ఆరు బైట్లు పోతాయి. అందుకే పొడుగు మెసేజ్‌లో ముక్కకు ఇంగ్లీషు అయితే 153, తెలుగు అయితే 67 పడతాయి. మీ కేంద్రానికి ఇదెందుకంటే, మీకు 200 మంది పోసేవాళ్ళున్నారనుకుందాం. పేరు, పూట, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్, రేటు, మొత్తం అన్నీ తెలుగులో విడమరిచి రాస్తే 150 దాకా వస్తుంది, అంటే మూడు ముక్కలు. రోజుకు రెండు పూటలు, 1200 మెసేజ్‌ల ఖర్చు. అదే ఇంగ్లీషు అక్షరాల్లో అయితే 400. బల్క్ కంపెనీ ముక్కకు ఒకటి చొప్పున కోస్తుంది గానీ మనిషికి ఒకటి చొప్పున కాదు.

ఈ పాఠం నాకు ఉట్టినే రాలేదు. ఒక దీపావళికి ఒక బట్టల అంగడి ఆయన ఆఫర్ మెసేజ్ ఇచ్చాడు. శుభ్రమైన ఇంగ్లీషు, 140 అక్షరాలు, ఒకే కవరు. పంపాక చూస్తే ముందే కొనిపెట్టుకున్న మెసేజ్ క్రెడిట్లు మూడింతలు కోసుకుపోయాయి. రాత్రి పన్నెండు దాకా తల పట్టుకుని కూర్చుంటే తేలింది ఏమంటే, ధర ముందు "ఆర్ఎస్" అని రాయాల్సిన చోట ఆయన కొత్త రూపాయి గుర్తు పెట్టాడు. ఆ గుర్తు ఏడు బిట్ల పట్టికలో లేదు. ఆ ఒక్క గుర్తు కోసం మెసేజ్ మొత్తం పదహారు బిట్లకు దిగిపోయింది, 140 అక్షరాలు మూడు ముక్కలయ్యాయి. నవ్వు ముఖాల బొమ్మలతోనూ ఇదే గొడవ. తప్పు నాదే, చూసుకోవాల్సింది నేను. అప్పటి నుంచి రూపాయి గుర్తు కనబడితే నాకు టెన్షనే.

ఎస్సెమ్మెస్‌లో ఇంకో గుణం ఉంది, దాని విలువ తిరుపతివాళ్ళకు బాగా తెలుస్తుంది. మెసేజ్ నేరుగా అవతలి ఫోన్‌కు పోదు. ఆపరేటర్ దగ్గర ఒక సెంటర్‌లో దిగుతుంది. అవతలి ఫోన్ ఆఫ్‌లో ఉంటే అక్కడే కూర్చుంటుంది, ఆన్ కాగానే చేరుతుంది. ఎంతసేపు కూర్చోవాలన్నది ఆపరేటర్‌ను బట్టి గంటలో, రోజులో ఉంటుంది. తిరుమలలో దర్శనానికి పోయేటప్పుడు ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు, కౌంటర్‌లో ఇచ్చేసి పోవాలి కదా. ఓసారి మా చెల్లెలి కుటుంబం కొండకు పోయింది. వాళ్ళు దిగి వచ్చేసరికి కారు పెట్టే చోటు మార్చాను. బస్టాండు ఎదుటి శ్రీనివాసం దగ్గర కాదు, అలిపిరి దగ్గర ఉంటానని మెసేజ్ పెట్టాను. నా ఫోన్ దాన్ని ఆర్‌సీఎస్‌గా పంపింది. దర్శనం అయ్యాక ఆమె ఫోన్ ఆన్ చేసింది, సిగ్నల్ వచ్చింది, కానీ ఛార్జింగ్ మిగుల్చుకుందామని డేటా ఆపి పెట్టుకుంది. నా మెసేజ్ సర్వర్‌లోనే ఉండిపోయింది. వాళ్ళు లగేజీ, పిల్లలతో బస్టాండు ఎదురుగా ఎండలో, నేను అలిపిరిలో. మామూలు మెసేజ్ అయ్యుంటే ఫోన్ ఆన్ చేసిన నిమిషంలో మోగేది. చేరకపోతే తనంతట తానే మామూలు మెసేజ్‌గా మళ్ళీ పంపే ఆప్షన్ సెట్టింగుల్లోనే ఉంది. పదిమందికి ఫోన్లు సెట్ చేసి ఇచ్చేవాణ్ణి, నా ఫోన్లో అది ఆన్ చేసుకోలేదు. మా చెల్లెలు ఇప్పటికీ దెప్పుతుంది.

ఇప్పుడు మీ బావగారి ఈఎంఎస్. ఇది ఆర్‌సీఎస్ కాదు, దానికి తాత వరస. 2000 సంవత్సరం తర్వాత ఎరిక్సన్, సీమెన్స్, మోటరోలా, అల్కాటెల్ లాంటి కంపెనీలు దీన్ని ముందుకు తెచ్చాయి. అక్షరాలు లావు చేయడం, వాల్చడం, చిన్న నలుపు తెలుపు బొమ్మలు, కదిలే బొమ్మలు, చిన్న రింగ్‌టోన్లు. తమాషా ఏమంటే, దీనికి కొత్త దారేమీ లేదు. అదే డ్రైవర్, అదే కవరు. ఉత్తరం రాయాల్సిన కాగితంలోనే కొంత చోటు తీసుకుని పువ్వులు గీయడం లాంటిది. ముప్పై రెండు చుక్కల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న ఒక బొమ్మకు 128 బైట్లు కావాలి. దాని తలకట్టుకు ఇంకో నాలుగు. కవరు మొత్తం 140 కాబట్టి బొమ్మ పెట్టాక మిగిలేది తొమ్మిది ఇంగ్లీషు అక్షరాలు. పుట్టినరోజు కేకు బొమ్మ పెడితే ఎవరి పుట్టినరోజో రాయడానికి చోటుండేది కాదు.

పైగా అప్పటికే నోకియాకు తనదైన స్మార్ట్ మెసేజింగ్ ఉండేది. ఈ రెండూ ఒకదాని భాష ఒకదానికి రాని బంధువులు. ఆ రోజుల్లో మన ఊళ్ళో ఏ అంగట్లో చూసినా నోకియా ఫోన్లే ఎక్కువ. వేరే కంపెనీ ఫోన్ కొన్న కాలేజీ కుర్రాడు ఎంతో ముచ్చటపడి బొమ్మ పంపితే, అవతల బొమ్మ ఊసే లేకుండా ఉత్త అక్షరాలు కనబడేవి. "అన్నా, నా ఫోన్ పాడైంది" అని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఫోన్‌లో లోపమేమీ లేదు, అవతలి ఫోన్‌కు ఆ బొమ్మ చదవడం రాదంతే అంటే నమ్మేవాళ్ళు కాదు. ఈఎంఎస్ అలా మూలపడింది. దాని పునాది మాత్రం, అంటే మెసేజ్ తలకట్టులో అదనపు సమాచారం పెట్టే పద్ధతి, పొడుగు మెసేజ్‌ల ముక్కలు కలపడంలో ఇప్పటికీ పనిచేస్తోంది.

ఎంఎంఎస్ గురించి ఎక్కువ చెప్పను. 2002 నుంచి వచ్చింది, ఫోటోలు పోయేవి, కానీ డేటా కావాలి, దానికి ఆపరేటర్ సెట్టింగులు కావాలి. ఆ సెట్టింగులు పెట్టించుకోవడానికి నా అంగడికి వచ్చినంత మంది దాన్ని వాడినట్టు నాకు గుర్తు లేదు. మనవైపు ఆ మాటకే ఒక చెడ్డపేరు అంటుకుంది, ఇంట్లో ఎవరైనా ఎమ్మెమ్మెస్ అంటే పెద్దవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు.

ఆర్‌సీఎస్‌కు వస్తే, ఇది నిజంగా వేరే బండి. సిగ్నలింగ్ దారిలో కాకుండా ఇంటర్నెట్ మీద నడుస్తుంది, మొబైల్ డేటా అయినా వైఫై అయినా. ఈ పని 2007లోనే మొదలైంది కానీ ఆపరేటర్లు ఎవరికి వాళ్ళు తమదే చేసుకుంటూ పోవడంతో చాలా ఏళ్ళు నత్తనడక నడిచింది. 2016లో జీఎస్‌ఎంఏ అనే మొబైల్ కంపెనీల సంఘం యూనివర్సల్ ప్రొఫైల్ పేరుతో అందరికీ ఒకే పద్ధతి ఖాయం చేసింది. అంతకు ముందే, 2015లో, జైబ్ అనే కంపెనీని కొన్న గూగుల్ తర్వాత ఆపరేటర్ల కోసం ఆగకుండా తన మెసేజెస్ యాప్ ద్వారా తానే నడపసాగింది. ఆపిల్ చాలాకాలం మొండికేసి, 2024లో ఐఓఎస్ 18తో ఒప్పుకుంది. ఐఫోన్‌లో ఇది నడవాలంటే ఆపరేటర్ కూడా ఒప్పుకోవాలి.

పెద్ద ఫోటోలు, వీడియోలు, గ్రూపులు, అవతలివాళ్ళు టైపు చేస్తున్నారన్న గుర్తు, చదివారన్న గుర్తు అన్నీ ఉంటాయి. వాట్సాప్ లాగే కదా అంటారు. చూడడానికి అంతే. తేడా ఏమంటే ఇది ఫోన్‌తో వచ్చే మెసేజ్ యాప్‌లోనే ఉంటుంది, అవతల ఆర్‌సీఎస్ లేకపోతే అదే యాప్ మామూలు మెసేజ్ పంపుతుంది. మీకు ఒక్కో పేరుకు ఒక్కో మాట కనబడుతున్నది అందుకే. ఫోన్ ముందే అవతలి నంబర్‌కు ఆర్‌సీఎస్ ఉందా అని వాకబు చేసి చెప్తోంది.

గుట్టు విషయంలో ఆర్‌సీఎస్‌దే పైచేయి. మామూలు మెసేజ్‌ను ఆపరేటర్ సెంటర్‌లో చదవగలిగే రూపంలోనే పెడతారు. రెండు వైపులా గూగుల్ మెసేజెస్ ఉంటే పంపే బటన్ మీద చిన్న తాళం గుర్తు కనబడుతుంది, అప్పుడు మధ్యలో ఎవరూ చదవలేరు. కానీ వ్యాపార సంస్థలు పంపే ఆర్‌సీఎస్‌కు ఆ తాళం ఉండదు, అది గుర్తుంచుకోండి.

మీ రైతులకు ముందుగా చెప్పాల్సిన ఒక ముప్పు కూడా ఉంది. మామూలు మెసేజ్‌లో మోసగాడు పెట్టగలిగింది లింకు మాత్రమే. ఆర్‌సీఎస్‌లో, వాట్సాప్‌లో ఫైలునే పంపించగలడు. పీఎం కిసాన్ పేరు పెట్టి ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు పంపడం, అది నొక్కి ఎక్కించుకోగానే ఓటీపీలు దోచుకోవడం, ఈ రకం కేసులు పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు. పది అంకెల నంబర్ నుంచి వచ్చి పక్కన ప్రభుత్వ ముద్ర ఫోటో ఉన్నంత మాత్రాన అది ప్రభుత్వానిది కాదు, ఆ ఫోటో ఎవడైనా పెట్టుకోవచ్చు. నమోదు చేసుకున్న సంస్థల మామూలు మెసేజ్‌లు అక్షరాల పేరుతో వస్తాయి. 2025 నుంచి ఆ పేరు చివర గీత పెట్టి ఒక అక్షరం కూడా వేస్తున్నారు: పి ఉంటే ప్రచారం, ఎస్ సేవ, టి లావాదేవీ, జి ప్రభుత్వం. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, రేపు చూద్దాంలే అనుకోకూడదు.

ఇక మీరు చేయాల్సింది. మీ సొంత సిమ్ నుంచి 200 మందికి రెండు పూటలా పంపే ఆలోచన మానుకోండి. ప్యాకుల్లో మామూలుగా రోజుకు 100 మెసేజ్‌లే ఇస్తారు, పైగా ఎవరైనా విసుగొచ్చి స్పామ్ అని ఫిర్యాదు చేస్తే నంబరే పోయే ప్రమాదం. పద్ధతి ప్రకారం డీఎల్‌టీ అనే వ్యవస్థలో మీ కేంద్రాన్ని నమోదు చేసుకుని, పంపేవారి పేరు, మెసేజ్ నమూనా ముందుగా ఆమోదం తీసుకోవాలి. ఆమోదించిన నమూనాలో అంకెలు మారవచ్చు గానీ మాటలు మారకూడదు, మారితే మెసేజ్ మధ్యలోనే ఆగిపోతుంది. మీరు పాలు పోసే డెయిరీ కంపెనీకి ఇప్పటికే ఈ ఏర్పాటు ఉందేమో ముందు వాళ్ళను అడగండి, ఉంటే మీకు ఈ తలనొప్పే లేదు.

రోజువారీ లెక్కకు నా ఓటు మామూలు మెసేజ్‌కే. పొద్దున ఆరు గంటలకు పాలు పోసి పొలానికి పోయే మనిషి డేటా ఆన్ చేసి చూడడు. పది రోజులకో పదిహేను రోజులకో పడే బిల్లు వివరం, పశువుల దాణా ధరల పట్టిక లాంటివి టచ్ ఫోన్లున్న వాళ్ళకు ఆర్‌సీఎస్‌లోనో వాట్సాప్‌లోనో ఫోటోగా పెట్టండి, తప్పులేదు.

ఏ భాషలో పంపాలన్నది ఖర్చు ఒక్కదాన్నే చూసి తేల్చకండి. మాటలు కుదించి, "పాలు 8.5 లీ, ఫ్యాట్ 4.2, రూ 340" అన్నంత పొట్టిగా తెలుగులో రాస్తే ఒక్క కవరులో హాయిగా పడుతుంది. పేరు అక్కర్లేదు, మెసేజ్ వెళ్ళేది ఆయన ఫోన్‌కే కదా. అయితే కొన్ని చవక బటన్ ఫోన్లలో తెలుగు ఫాంటు ఉండదు, అక్షరాల బదులు డబ్బాలు కనబడతాయి. కాబట్టి నమూనాకు ఆమోదం తీసుకునే ముందే, పాలు పోయడానికి వచ్చినవాళ్ళలో బటన్ ఫోన్లున్న ఐదారుగురికి మీ ఫోన్ నుంచి ఒక్కో తెలుగు మెసేజ్ పంపి, వాళ్ళ తెర మీద ఏం కనబడుతోందో స్వయంగా చూడండి. డబ్బాలే ఎక్కువగా వస్తే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయించండి.

చివరగా, మీ కొత్త ఫోన్ గురించి. మీ సిమ్ తీసి ఎప్పుడైనా బటన్ ఫోన్‌లో వేసుకునే అలవాటు ఉంటే, సిమ్ తీయకముందే మెసేజెస్ సెట్టింగుల్లో ఆర్‌సీఎస్ చాట్స్ ఆపేయండి. లేకపోతే మీకు ఇంకా ఆర్‌సీఎస్ ఉందనుకుని అవతలివాళ్ళ ఫోన్లు అటే పంపుతూ ఉంటాయి, మీ బటన్ ఫోన్ మాత్రం మోగదు. ఇప్పటికే తీసేసి ఉంటే, గూగుల్ వెబ్ పేజీలో మీ నంబరిచ్చి కూడా ఆపించుకోవచ్చు.